క్లీవ్‌లాండ్‌కు దక్కిన కొసరు

క్లీవ్‌లాండ్ అనగానే మన తెలుగువాళ్ళకు ముందుగా గుర్తొచ్చేది త్యాగరాజ ఆరాధన. 1978 నుంచి ఈస్టర్ రోజుల్లో జరుగుతూ వస్తున్న ఆ ఉత్సవానికి వచ్చే బంధుమిత్రుల్లో నలుగురైదుగురు దాదాపు ప్రతి ఏడూ మా ఇంట్లోనే దిగుతారు. పంచరత్నాల గోష్ఠిగానం గురించీ, ఎవరి కచేరీ రక్తి కట్టిందన్న దాని గురించీ మాటలయ్యాక, వాళ్ళలో ఎవరో ఒకరి చూపు మా హాల్లో గోడకు తగిలించి ఉన్న పాత జెర్సీ మీద పడుతుంది. ముక్కుపొడి రంగు గుడ్డ, చేతుల మీద నారింజ, తెలుపు పట్టీలు, మధ్యలో వెలిసిపోయిన తెల్లటి 19. భుజం దగ్గర చిరిగినచోట సూదీదారంతో వేసిన కుట్టు కూడా కనిపిస్తుంది. "మీ అబ్బాయిదా?" అని అడుగుతారు. మా అబ్బాయి పుట్టి బుద్ధెరిగాక ఫుట్‌బాల్ ముట్టలేదు. కాదని చెప్పి కాఫీ కలపడానికి లేచి వెళ్ళిపోతుంటాను, ఎందుకంటే అసలు సమాధానం ఒక కప్పు కాఫీతో తేలేది కాదు. ఈసారి తీరిక చేసుకుని రాసి పెడుతున్నాను.

నేను 1985 ఆగస్టులో పై చదువు కోసం విశాఖపట్నం నుంచి ఈ ఊరికి వచ్చాను. బకై రోడ్డుకు దగ్గర్లో ఒక పాత చెక్క ఇంట్లో పైవాటా అద్దెకు దొరికింది. ఆ వీధులన్నీ ఒకప్పుడు హంగేరీ నుంచి వలస వచ్చినవాళ్ళతో కిటకిటలాడేవట. నేను వచ్చేనాటికి చాలామంది శివారు ఊళ్ళకు వెళ్ళిపోగా, కదలకుండా మిగిలిపోయిన కొద్దిమంది ముసలి దంపతుల్లో మా ఇంటివాళ్ళు కూడా ఉన్నారు. పెద్దాయన ముప్ఫై ఏళ్ళు ఉక్కు మిల్లులో పనిచేసి, మనుషులను తగ్గించినప్పుడు ఇంటికి వచ్చేసినవాడు. పెద్దావిడ ఆదివారాల్లో ఎర్రటి మిరపపొడి దండిగా వేసి ఏదో పులుసు కాచేది. నేను మాంసం తినకపోయినా, ఆ ఘాటు మెట్లెక్కి నా గదిలోకి వచ్చేసరికి ఇల్లు గుర్తొచ్చి కాసేపు పుస్తకం మూసేసేవాణ్ణి.

ఆ ఇంట్లో నేను మొట్టమొదట నేర్చుకున్న పేరు, ఈ ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో కొత్తగా చేరిన బెర్నీ కోజార్‌ది. నేర్చుకున్నాను అనడానికి కారణం ఉంది. అంతకు ముందే ఆ పేరు పేపర్లో చూసి, అక్షరాలను బట్టి నాకు తోచినట్టు "కొసర్" అని పైకి చదివాను. పెద్దాయన నవ్వి "కోజార్" అని దిద్దాడు. వంటింట్లోంచి పెద్దావిడ మా ఇద్దరినీ కలిపి దిద్దింది: "మా భాషలో అది కోషార్. అంటే బుట్ట." వాళ్ళకు బుట్ట అయితే అయింది గానీ, నాకు మాత్రం ఆ పేరు చూసినప్పుడల్లా పూర్ణా మార్కెట్‌లో కూరలవాడితో మా అమ్మ పడే తగువే కళ్ళకు కట్టేది. తూకం అయిపోయాక పైన ఇంకో నాలుగు వంకాయలు కొసరు వేయించుకోనిదే ఆవిడ డబ్బులు తీసేది కాదు. ఈ సంగతి ఇంటికి రాస్తే, నెల తిరిగాక అమ్మ నుంచి జవాబు వచ్చింది: "ఇంతకీ మీ ఊరికి ఆ కొసరు అడిగితే వచ్చిందా, అడక్కుండా వచ్చిందా?"

అమ్మ వేళాకోళానికే అడిగినా, నలభై ఏళ్ళుగా ఈ ఊరివాళ్ళు బెర్నీ పేరు ఎత్తితే చాలు గొంతు మార్చుకుని ఎందుకు మాట్లాడతారో చెప్పాలంటే నేను ఇప్పటికీ ఆ ప్రశ్న దగ్గరే మొదలుపెడతాను. అడక్కుండా వచ్చాడు. రానవసరం లేనివాడు, కావాలని వచ్చాడు.

ఇక్కడి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లోకి అడుగుపెట్టే కుర్రవాడు ఏ జట్టుకు ఆడాలన్నది అతని చేతిలో ఉండదు. ఏటా డ్రాఫ్ట్ అని ఒకటి జరుగుతుంది. అంతకు ముందు ఏడు అందరికంటే అధ్వాన్నంగా ఆడిన జట్టు మొదట ఎంచుకుంటుంది, ఆ తర్వాత మిగిలినవి వరసగా ఎంచుకుంటాయి. బెర్నీ మయామి విశ్వవిద్యాలయం జట్టుకు క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపేవాడు. ఇరవై ఏళ్ళ వయసులో, 1984 జనవరి 2న, అజేయంగా వచ్చిన నెబ్రాస్కాను 31-30తో ఓడించి తన జట్టుకు జాతీయ ఛాంపియన్‌షిప్ తెచ్చిపెట్టాడు. ఇంకా రెండేళ్ళు కాలేజీకి ఆడే అవకాశం ఉండగానే, ఫైనాన్సూ ఎకనామిక్సూ రెంటిలోనూ డిగ్రీ మూడేళ్ళలో ముగించుకున్నాడు. మామూలు డ్రాఫ్ట్‌లో అతన్ని పట్టుకోవాలని మిన్నెసోటా జట్టు హ్యూస్టన్‌తో బేరమాడి తన వంతును ముందుకు జరుపుకుంది. ఈలోగా క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టు బఫలోతో వేరే బేరం కుదుర్చుకుని, 1986 నాటి మొదటి రౌండు వంతుతో సహా చాలానే వదులుకుని, వేసవిలో జరిగే సప్లిమెంటల్ డ్రాఫ్ట్‌లో మొదటి వంతు సంపాదించింది. బెర్నీ చేయవలసిందల్లా మామూలు డ్రాఫ్ట్‌కు పేరు ఇవ్వకుండా ఆగడమే. ఆగాడు. జూలై 2న క్లీవ్‌లాండ్‌వాడయ్యాడు. సప్లిమెంటల్ డ్రాఫ్ట్ అంటే ఏమిటని నేను అడిగితే, అసలుది అయిపోయాక పైన వేసేది అని పెద్దాయన చెప్పాడు. కొసరు డ్రాఫ్ట్ అన్నమాట. నాకు అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

అప్పటి క్లీవ్‌లాండ్ ఎలాంటిదో తెలియకపోతే ఇందులో విశేషం బోధపడదు. ఇక్కడి నది మీద తేలే చమురు 1969లో అంటుకుని మండింది. 1978 డిసెంబరులో నగర ప్రభుత్వం అప్పు తీర్చలేక చేతులెత్తేసింది. మహా మాంద్యం తర్వాత అమెరికాలో ఒక పెద్ద నగరానికి అలాంటి గతి పట్టడం అదే మొదటిసారి. టీవీలో హాస్యం చెప్పేవాళ్ళందరికీ ఈ ఊరు చులకన. సరస్సు ఒడ్డున జరిగిన పొరపాటు అని దీనికి పేరు పెట్టారు. ఊరి జట్టు చివరిసారి ఛాంపియన్ అయింది 1964లో. కాస్త చదువుకున్న కుర్రవాళ్ళు పెట్టె సర్దుకుని టెక్సాస్‌కో కాలిఫోర్నియాకో వెళ్ళిపోతున్న రోజులవి. బెర్నీ పుట్టింది ఇక్కడికి గంటకు పైగా ప్రయాణంలో ఉన్న యంగ్స్‌టౌన్‌లో, పెరిగింది దాని పక్కనే ఉన్న బోర్డ్‌మన్‌లో. అతనికి పద్నాలుగో ఏడు నడుస్తుండగా, 1977 సెప్టెంబరు 19న, యంగ్స్‌టౌన్ పక్కనున్న ఒక పెద్ద ఉక్కు మిల్లును మూసేస్తున్నట్టు ప్రకటన వచ్చి, సుమారు అయిదు వేలమంది బతుకులు ఒక్క దెబ్బతో వీధిన పడ్డాయి. ఆ ప్రాంతంలో ఆ రోజును ఇప్పటికీ బ్లాక్ మండే అంటారు. ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. మా విశాఖలో ఉక్కు కర్మాగారం కోసం 1966లో జనం తుపాకీ గుళ్ళకు ఎదురు నిలిచారు. నేను విమానం ఎక్కేనాటికి కూడా దాని నిర్మాణం ఇంకా సాగుతూనే ఉంది. కొలిమి ఎప్పుడు వెలుగుతుందా అని ఎదురుచూసే ఊరినుంచి, కొలిమి ఆరిపోయిన ఊరికి వచ్చి పడ్డాను. అందువల్లనేమో, ఎవరైనా తిరిగి రావడం అన్నది ఇక్కడివాళ్ళకు ఎంత పెద్ద సంగతో నాకు తొందరగానే తెలిసింది.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి. జరిగితే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు, జరగకపోతే బంతి అవతలివాళ్ళది. ప్రతి ప్రయత్నంలోనూ బంతి మొదట చేరేది క్వార్టర్‌బ్యాక్ చేతికి. నూటపాతిక కిలోల మనుషులు మీదకు దూసుకొస్తుంటే, మూడు నాలుగు సెకన్లలో ఎవరికి విసరాలో తేల్చుకుని విసరాలి. ఈ పనికి చూడచక్కని మనుషులు కొందరుంటారు. మనవాడు ఆ కోవలోకి రాడు. ఆరడుగుల అయిదంగుళాల మనిషి, నెత్తిన నీళ్ళకడవ పెట్టుకున్నట్టు పరిగెత్తేవాడు. బంతిని అందరిలా తలమీదుగా కాకుండా, చెరువులోకి పెంకు విసిరినట్టు పక్కనుంచి విసిరేవాడు. కానీ అవతలి జట్టు ఏం చేయబోతోందో వాళ్ళకంటే ముందు ఇతనికి తెలిసిపోయేది. 1985 అక్టోబరులో న్యూ ఇంగ్లండ్ మీద, అసలు ఆటగాడికి దెబ్బ తగిలితే మొదటిసారి మైదానంలోకి దిగాడు. మొట్టమొదట చేతికి వచ్చిన బంతినే జారవిడిచాడు. "మనవాడే, సందేహం లేదు" అన్నాడు పెద్దాయన. ఆ తర్వాత విసిరిన ఏడు బంతులూ వరసగా చేరవలసినవాళ్ళకు చేరాయి, ఆటా గెలిచారు.

ఇప్పుడు 1987 జనవరి 3 సంగతి చెప్పాలి. ఈ ఊళ్ళో నలభై అయిదేళ్ళు దాటినవాళ్ళను ఎవరిని కదిపినా ఆ శనివారం తాము ఎక్కడున్నారో చెబుతారు. నేను కింది వాటాలో, పెద్దావిడ అల్లిన దిండు ఒళ్ళో పెట్టుకుని, సోఫా చివర కూర్చుని ఉన్నాను. న్యూయార్క్ జెట్స్‌తో ప్లేఆఫ్ ఆట, అంటే ఓడితే ఇక ఇంటికే. బ్రౌన్స్ అంతకు ముందు ప్లేఆఫ్ గెలిచి పదిహేడేళ్ళయింది. నాలుగు నిమిషాల చిల్లర మిగిలి ఉండగా జెట్స్ 20-10తో ముందుకు పోయారు. పెద్దాయన ఏమీ మాట్లాడకుండా లేచి, ఓవర్‌కోటు తొడుక్కుని, పార పట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. వాకిట్లో ఎత్తిపోయడానికి పెద్దగా మంచు కూడా లేదు. ఉత్త సిమెంటు మీద పార గీసుకుంటున్న చప్పుడు మాకు లోపలికి వినిపిస్తూనే ఉంది.

అదే సమయంలో బ్రౌన్స్‌కు రెండో ప్రయత్నం, ఇంకా ఇరవై నాలుగు గజాలు పోవాలి. బెర్నీ విసిరిన బంతి ఎవరికీ అందలేదు. అయితే అతను బంతి వదిలేసిన తర్వాత జెట్స్ ఆటగాడు మార్క్ గాస్టినో తలతో వచ్చి గుద్దాడు. తప్పు పడింది, పదిహేను గజాలూ కొత్త ప్రయత్నాలూ దక్కాయి. పెద్దావిడ వంటింటి కిటికీ ఎత్తి ఆ మాట కేకేసి చెప్పింది. పెద్దాయన పార పారేసి తలుపు దగ్గరికి వచ్చాడు. ఆవిడ గడియ వేసింది. "నువ్వు బయటికి వెళ్ళాకే కలిసొచ్చింది. అక్కడే ఉండు" అంది. మన ఇళ్ళల్లో కపిల్‌దేవ్ ఆడుతున్నంతసేపూ కూర్చున్న కుర్చీలోంచి లేవనివ్వని పెద్దవాళ్ళను చూసి వచ్చిన నాకు ఇది ఏమాత్రం వింతగా తోచలేదు, పైగా న్యాయంగానే తోచింది. ఆయన కూడా ఒక్క క్షణం ఆలోచించి, వాదించకుండా గ్యారేజీకి వెళ్ళి అక్కడి రేడియో పెట్టుకున్నాడు.

రెండు నిమిషాలలోపు సమయం ఉండగా ఒక టచ్‌డౌన్ (బంతిని అవతలి చివరి గీత దాటించడం), ఇంకొన్ని సెకన్లలో ఆట ముగుస్తుందనగా ఒక ఫీల్డ్ గోల్ (బంతిని కర్రల మధ్యనుంచి తన్నడం). 20-20. ఓవర్‌టైమ్‌లో మార్క్ మోస్లీ అనే ముప్ఫై ఎనిమిదేళ్ళ తన్నుడుగాడు పసిపిల్లలు కూడా తన్నగలంత దగ్గరినుంచి గురి తప్పాడు. గ్యారేజీలోంచి ఒక రేకు డబ్బా ఎగిరిపడ్డ చప్పుడు వినిపించింది. రెండో ఓవర్‌టైమ్ మొదలయింది. పెద్దావిడ ఫ్లాస్కులో కాఫీ పోసి నా చేతికిచ్చి గ్యారేజీకి పంపింది. ఆయన్ను మాత్రం గడప తొక్కనివ్వలేదు. చివరికి అదే మోస్లీ 27 గజాల నుంచి సరిగ్గా తన్నాడు. 23-20. బెర్నీ ఆ రోజు 64 బంతులు విసిరి, 33 చేర్చి, 489 గజాలు రాబట్టాడు. ప్లేఆఫ్ ఆటల్లో ఆ లెక్కను దాటడానికి 2018 దాకా, టామ్ బ్రేడీ దాకా ఆగవలసి వచ్చింది. ఇవన్నీ తర్వాత చదువుకున్న అంకెలు. నాకు కంటి ముందున్నది మాత్రం, గడియ తీశాక లోపలికి వచ్చిన పెద్దాయన ముక్కు ఎర్రగా కందిపోయి, చేతులు కొంకర్లు పోయి, కోటు విప్పలేక నిలబడి ఉంటే, ఆవిడ ఒక్కొక్క గుండీ తీస్తూ ఏడవడం. ఆయనా ఏడుస్తున్నాడు. ఏం చేయాలో తోచక నేను దిండు ఉన్నచోట పెట్టి పైకి వచ్చేశాను.

జనవరి 11, ఆదివారం డెన్వర్‌తో ఆట. పెద్దాయన ఈసారి చెప్పకుండానే, దుప్పటి కూడా తీసుకుని గ్యారేజీలోకి వెళ్ళాడు. అయిదున్నర నిమిషాలు మిగిలి ఉండగా మనవాళ్ళు 20-13తో ముందున్నారు, డెన్వర్ తన గోడకు ఆనుకున్నట్టు రెండో గజం దగ్గర ఉంది. అక్కడినుంచి జాన్ ఎల్వే 98 గజాలు నడిపించుకొచ్చాడు. ఓవర్‌టైమ్‌లో ఓడిపోయాం. ఆ ఏడాది తర్వాత, 1988 జనవరిలో మళ్ళీ డెన్వరే. సగం ఆటకు 21-3తో వెనకబడినవాళ్ళను బెర్నీ 31-31 దాకా లాక్కొచ్చాడు. చివర్లో మళ్ళీ సమం చేయబోతుండగా, ఆ రోజు అందరికంటే బాగా ఆడిన ఎర్నెస్ట్ బైనర్ చేతిలోంచి గీతకు అతి దగ్గరలో బంతి జారిపోయింది. ఈ రెండింటి గురించి ఇంతకంటే రాయను. ఈ ఊళ్ళో వీటికి ఒక్కొక్క మాటతో పేర్లున్నాయి, చావుకబురు చెప్పినట్టు ఆ ఒక్క మాట అని ఊరుకుంటారు.

స్టేడియానికి వెళ్ళి బెర్నీని చూసింది నేను ఒక్కసారే, 1989 అక్టోబరు 1న. ఈరీ సరస్సు ఒడ్డున 1931లో కట్టిన ఆ స్టేడియంలో ఎనభై వేలమంది దాకా పట్టేవారు. స్తంభాల వెనక సీటు దొరికితే సగం ఆట ఊహించుకోవలసిందే. తూర్పు చివర చవక సీట్లను డాగ్ పౌండ్ అనేవారు. 1985లో హాన్‌ఫర్డ్ డిక్సన్, ఫ్రాంక్ మినిఫీల్డ్ అనే ఇద్దరు ఆటగాళ్ళు తమ జట్టువాళ్ళను ఉషారెత్తించడానికి కుక్కల్లా మొరగడం మొదలుపెట్టగా, జనం అందిపుచ్చుకుని కుక్క ముఖాలు తగిలించుకుని రావడం దాకా వెళ్ళింది. పెద్దాయన కోటు జేబులోంచి ఒక బిస్కెట్ల పొట్లం తీసి నాకు గుప్పెడు ఇచ్చాడు. పొద్దుటినుంచి ఏమీ తినలేదేమో, ఒకటి కొరికాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్విన నవ్వుకు అవి కుక్క బిస్కెట్లనీ, అవతలి ఆటగాళ్ళ మీద విసరడానికి తెచ్చారనీ అర్థమయింది. ఆరోజు ఎంతగా విసిరారంటే, డెన్వర్ ఆటగాళ్ళను కాపాడటానికి అంపైర్లు నాలుగో భాగంలో జట్లను అటూ ఇటూ మార్చారు. దాంతో గాలి మావైపు తిరిగింది. మాట్ బార్ చివరి తన్ను దూరంగా, అతి కష్టం మీద అడ్డకర్ర దాటి పడింది. 16-13. నేను కొరికిన బిస్కెట్ ముక్క కూడా ఆ విజయంలో ఉందని పెద్దాయన తర్వాత ఊరంతా చెప్పుకున్నాడు. బయటికి వస్తూ వేలమంది ఒక పాత పాట బాణీలో బెర్నీ పేరు కట్టి పాడుకుంటూ నడిచారు. సాహిత్యం దాదాపు ఆ పేరొక్కటే కాబట్టి నేనూ కలిశాను.

తర్వాతి రోజులు కిందికి దిగిన రోజులు. 1990-91లో అవతలివాళ్ళ చేతికి ఒక్కటీ చిక్కకుండా వరసగా 308 బంతులు విసిరి కొత్త రికార్డు నెలకొల్పాడు గానీ, మోచేయీ చీలమండా అరిగిపోయాయి, జట్టూ చితికిపోయింది. 1991లో బిల్ బెలిచిక్ కోచ్‌గా వచ్చాడు. 1993 నవంబరు 7న డెన్వర్ చేతిలో ఓడిపోతున్న ఆట చివర్లో, బెర్నీ కోచ్ చెప్పిన ఎత్తు పక్కనపెట్టి, మట్టిమీద వేలితో గీసి సహచరులకు చూపించి, మైకేల్ జాక్సన్ అనే ఆటగాడికి 38 గజాల టచ్‌డౌన్ వేశాడని చెప్పుకుంటారు. క్లీవ్‌లాండ్ తరఫున అతని చివరి బంతి అదే. మర్నాడు అతన్ని జట్టులోంచి తీసేశారు. నైపుణ్యం తగ్గిపోయిందని కారణం చెప్పారు.

నేను అప్పటికి వేరే ఇంటికి మారినా, ఆ సోమవారం ఆఫీసునుంచి నేరుగా బకై రోడ్డుకే వెళ్ళాను. పెద్దాయన వాకిట్లో రాలిన ఆకులు పోగు చేస్తున్నాడు. చేస్తున్నాడు అనడం కూడా తప్పే, ఉన్న కుప్పనే ఇటునుంచి అటు, అటునుంచి ఇటు లాగుతున్నాడు. నన్ను చూసి ఆగి, "నన్ను మిల్లులోంచి తీసేసినప్పుడు కూడా కాగితంమీద ఇలాంటి మాటే రాశారు" అన్నాడు. లోపలికి వెళ్ళి 19వ నెంబరు జెర్సీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఇంట్లో ఉంటే కోపంలో తగలబెడతాను. నీ దగ్గర ఉంచు" అన్నాడు. భుజం దగ్గర కుట్టు పెద్దావిడ వేసిందే, జెట్స్ ఆట రోజు గ్యారేజీ మేకుకు తగిలి చిరిగింది. ఎన్నిసార్లు తిరిగి ఇస్తానన్నా ఆయన మళ్ళీ పుచ్చుకోలేదు.

ఇన్నేళ్ళ తర్వాత చల్లగా ఆలోచిస్తే బెలిచిక్ చెప్పింది అబద్ధం కాదు. బెర్నీ చేతిలో మునుపటి బలం లేదు. ఆ కోచ్ తర్వాతి కాలంలో న్యూ ఇంగ్లండ్‌లో ఆరు సూపర్ బౌల్‌లు, అంటే ఛాంపియన్‌ను తేల్చే ఆఖరి ఆటలు, గెలిచి తనకు ఆట తెలుసని నిరూపించుకున్నాడు కూడా. కానీ మరో క్వార్టర్‌బ్యాక్ విన్నీ టెస్టవర్డీ దెబ్బ తగిలి కూర్చున్న సమయంలో, అయిదు ఆటలు గెలిచి మూడే ఓడిన జట్టులోంచి, వేడుకుని తెచ్చుకున్నవాణ్ణి కాదు, తనంతట తాను వచ్చినవాణ్ణి, ఆదివారం ఆట అయ్యాక సోమవారం పంపేయడాన్ని ఈ ఊరు తెలివి కింద జమ కట్టలేదు. ఆ ఏడాది జట్టు ఏడు గెలుపులు, తొమ్మిది ఓటములతో ముగించింది. బెర్నీ వారం తిరక్కుండా డాలస్ తరఫున మైదానంలో ఉన్నాడు; జనవరిలో ఆ జట్టుతోపాటు సూపర్ బౌల్ ఉంగరమూ తొడుక్కున్నాడు. డాలస్ అంటే పడని మా పెద్దావిడ ఆ ఒక్కరోజు డాలస్ గెలవాలని కొవ్వొత్తి వెలిగించింది.

1995లో యజమాని జట్టునే బాల్టిమోర్‌కు తరలిస్తున్నానని ప్రకటించాడు. డిసెంబరు 17న జరిగిన చివరి ఆటలో జనం కూర్చున్న బల్లలు ఊడబీకి మైదానంలోకి విసిరారు. స్టేడియం పడగొట్టి, ఆ రాళ్ళూ రప్పలూ చేపలకు నెలవుగా ఉంటాయని సరస్సులోనే ముంచారు. 1999లో అదే పేరుతో కొత్త జట్టు వచ్చింది. అప్పటినుంచి వచ్చిపోయిన క్వార్టర్‌బ్యాక్‌ల పేర్లన్నీ ఒకదానికింద ఒకటి అతికించిన జెర్సీ ఒకటి ఊళ్ళో ఒక ఆఫీసు కిటికీలో చాలాకాలం వేలాడింది. పేర్లకు చోటు చాలక కిందికి దిగుతూ పోయింది. ఆ జాబితా చదివినవాళ్ళెవరైనా చివర్లో తలెత్తి అనే పేరు ఒకటే.

బెర్నీ జీవితం తర్వాత నల్లేరు మీద నడకగా సాగలేదు. 2009లో దివాలా ప్రకటించాడు. తలకు తగిలిన దెబ్బల బాధ గురించి దాచకుండా చెప్పుకున్నాడు. కాలేయం జబ్బూ, పార్కిన్సన్స్ వ్యాధీ ఉన్నాయని 2024లో తానే బయటపెట్టాడు. ఆ వార్త వచ్చిన రోజు మా ఆఫీసులో, పుట్టేనాటికే అతను ఆట మానేసిన కుర్రవాళ్ళు కూడా తమ ఇంట్లో మనిషికి ఒంట్లో బాగాలేనట్టు మాట్లాడుకోవడం విన్నాను. వాళ్ళు అతని ఆట ఒక్కటీ చూసి ఉండరు. తండ్రులు చెప్పగా విన్నదే.

కొన్నేళ్ళ క్రితం ఒక శనివారం వెస్ట్ సైడ్ మార్కెట్‌కు కూరగాయలకు వెళ్ళాను. చిక్కుడుకాయలు అమ్ముతున్న మనిషి ఇంచుమించు నా ఈడువాడు. ముక్కుపొడి రంగు టోపీ మీద 19 అని కుట్టి ఉంది. జెట్స్ ఆట రోజు ఎక్కడున్నావని అడిగాను. తూకం అలాగే ఆపేశాడు. తండ్రితో కలిసి స్టేడియానికే వెళ్ళాడట; 20-10 అయ్యాక, ట్రాఫిక్‌లో ఇరుక్కోవడం ఎందుకని తండ్రి బయటికి లాక్కొచ్చాడట. కారు రేడియోలో మిగతా ఆటంతా విన్నారట. ఇంటికి చేరాక కూడా కారు దిగలేదట. "మా నాన్న పోయేదాకా ఈ విషయం ఎవరికీ చెప్పనివ్వలేదు" అన్నాడు. గ్యారేజీ సంగతి నేను చెప్పాను. వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కోకపోగా, ఒకావిడ ముందుకు వచ్చి తాను ఆ రోజు ప్రసూతి వార్డులో ఉన్నానని మొదలుపెట్టింది. చివరికి అతను తూకం సరిచూసి, సంచీ మూయబోయి, మళ్ళీ తెరిచి ఇంకో గుప్పెడు వేశాడు. నేను అడగలేదు.

ఆ రాత్రి విశాఖకు ఫోన్ చేసి అమ్మకు ఇదంతా చెప్పాను. ఓపిగ్గా చివరిదాకా వింది. "ముదురు కాయలేమో చూసుకున్నావా?" అంది. "కొసరులోనే కలిపేస్తారు."